సూది గుచ్చి ఉంచిన సెలైన్ బాటిల్: ఒక క్లెబ్సియెల్లా కేసు

ఆ బిడ్డ మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి పన్నెండు కావస్తోంది. పుట్టి ఆరు రోజులు, బరువు 1,840 గ్రాములు. 108 దిగిన అమ్మమ్మ చేతుల్లో పాత చీరముక్కలో చుట్టి ఉన్నాడు. వెనకే తండ్రి, కాగితాల కవరు పట్టుకుని. బిడ్డను వార్మర్ (ఒంటిని వెచ్చగా ఉంచే మంచం) మీద పడుకోబెట్టి గుడ్డ విప్పగానే డ్యూటీ సిస్టర్ నా మొహంలోకి చూసింది. తొడల మీద చర్మం మైనం ముద్దలా గట్టిపడిపోయింది. వేళ్ళతో పట్టుకుని లేపబోతే లేవలేదు. దీన్ని స్క్లెరీమా అంటాం. నెలలు నిండని బిడ్డలో అది కనిపించిందంటే రక్తంలో ఇన్‌ఫెక్షన్ చాలా ముదిరిపోయిందని అర్థం.

నేను నెల్లూరులో పసిబిడ్డల వైద్యురాలిని. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా సోకిన ఈ కేసు, దీనితో ముడిపడ్డ ఇంకో బిడ్డ కేసు రాయడానికి రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. రెండో బిడ్డ విషయంలో తప్పు మా యూనిట్‌ది. అది దాచిపెట్టి మొదటి బిడ్డ బతికిన సంగతి ఒక్కటే రాస్తే తోటి డాక్టర్లకు, నర్సులకు దీనివల్ల ఉపయోగం ఉండదు.

పుట్టింది ఎక్కడ, పడిన మందులేంటి

తల్లిది కలిగిరి వైపు మెట్ట ఊరు. 21 ఏళ్ళు, తొలికాన్పు. తండ్రి అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. 34 వారాలకే ఉమ్మనీరు పోయింది. నొప్పులు రాలేదు కదా అని ఇంట్లోనే ఆగారు. దాదాపు 22 గంటల తర్వాత ఒక చిన్న టౌన్‌లోని నర్సింగ్ హోంలో మామూలు కాన్పు అయింది. పుట్టగానే ఏడ్చాడు, కానీ కాసేపటికే ఆయాసం మొదలైంది.

ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటితే బిడ్డకు ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నెలలు నిండకపోవడం ఇంకో ప్రమాదం. కాబట్టి మొదటి రోజే యాంటీబయోటిక్ మొదలుపెట్టడాన్ని నేను తప్పు పట్టను. నేనైనా పెట్టేదాన్ని. కానీ మొదటి డోసుకు ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్ష) తీయలేదు. సెఫోటాక్సిమ్, అమికాసిన్ నాలుగు రోజులు నడిచాయి. ఆయాసం రెండో రోజుకే తగ్గిపోయింది. బహుశా అది ఇన్‌ఫెక్షన్ ఆయాసమే కాకపోవచ్చు. కల్చర్ ఉండి, అందులో ఏమీ పెరగకపోతే 48 గంటలకు మందులు ఆపేసేవాళ్ళు. కల్చర్ లేదు కాబట్టి ఆపే ధైర్యం ఎవరికీ రాలేదు. ఆ నాలుగు రోజులూ బిడ్డకు డబ్బాపాలు పట్టారు. తల్లి ముర్రుపాలు పిండి పారబోశారు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. పుట్టిన బిడ్డ పేగుల్లో మొదట ఎవరు కాపురం పెడతారన్నది ఆ మొదటి వారంలోనే తేలుతుంది. తల్లిపాలు తాగితే మంచి బాక్టీరియా దిగుతుంది. తల్లిపాలు లేకుండా, పైనుంచి సెఫోటాక్సిమ్ లాంటి మందు పడుతూ ఉంటే, ఆ మందుకు లొంగే క్రిములన్నీ చచ్చిపోయి, లొంగని వాటికి ఖాళీ ఇల్లు దొరుకుతుంది. ఆస్పత్రి చేతుల మీదుగా అలాంటి క్రిమి ఒక్కటి చేరినా చాలు.

నాలుగో రోజు ఇంటికి పంపారు. ఐదో రోజు సాయంత్రం తేడా కనిపెట్టింది అమ్మమ్మ. "మధ్యాహ్నం దాకా బాగానే తాగినాడు మేడం. ఆ పైన రొమ్ము పట్టటంలా. ఒళ్ళు చల్లగా తగలతా ఉంది. ఏడుపు కూడా పిల్లికూన మాదిరి వస్తా ఉంది" అని చెప్పింది. పెద్దవాళ్ళకు ఇన్‌ఫెక్షన్ అంటే జ్వరం. పసికందుకు, అందులోనూ నెలలు నిండని బిడ్డకు, చాలాసార్లు జ్వరం రాదు, ఒళ్ళు చల్లబడుతుంది. పాలు మానేస్తాడు. కదలిక తగ్గుతుంది. జ్వరం లేదు కదా అని ఇంకో పూట ఆగే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈమె ఆగలేదు. ఆ రాత్రికే మళ్ళీ అదే నర్సింగ్ హోంకి తీసుకెళ్ళింది. అక్కడ మెరోపెనెం అనే ఇంకా పెద్ద యాంటీబయోటిక్ మొదలుపెట్టారు, ఈసారీ కల్చర్ లేకుండానే. మూడు డోసులు పడ్డాక ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాకు పంపారు.

మొదటి గంట

చంకలో ఉష్ణోగ్రత 34.9 డిగ్రీలు. గుండె నిమిషానికి 186. ఛాతీ మీద వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి ఐదు సెకన్లు పట్టింది. పొట్ట ఉబ్బి, ముక్కు ట్యూబ్‌లోంచి కాఫీ రంగు రక్తం వస్తోంది. షుగర్ 36. రక్తం పీహెచ్ 7.12. కాసేపటికి ల్యాబ్ నుంచి వచ్చినవి: ప్లేట్‌లెట్లు 31,000, తెల్లకణాలు 3,200, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ 88. అన్నీ ప్రమాదం చెప్పే అంకెలే.

ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. పది శాతం డెక్స్‌ట్రోజ్, నెమ్మదిగా సెలైన్, తర్వాత రక్తప్రసరణ నిలబెట్టడానికి అడ్రినలిన్ డ్రిప్. ఆ హడావుడిలో మా జూనియర్ డాక్టర్ అడిగాడు, "కల్చర్ రేపు తీద్దామా మేడం? ఎలాగూ మెరోపెనెం పడింది కదా, ఏం పెరుగుతుంది?" అని. అప్పుడే తీయాలన్నాను. మెరోపెనెం పడుతుండగా కూడా ఏదైనా పెరిగిందంటే అది చెప్పే సంగతి ఇంకా పెద్దది. క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌తో చర్మం తుడిచి, ఆరేదాకా అర నిమిషం ఆగి, కొత్త చోట గుచ్చి ఒక మిల్లీలీటర్ తీశాం. ఒక మిల్లీలీటర్ అని నొక్కి చెబుతున్నాను. పావు మిల్లీలీటర్ రక్తం బాటిల్లో పోసి, ఏమీ పెరగలేదని రిపోర్ట్ తెచ్చుకుని, దాన్ని నమ్మి మోసపోయిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇక ఏ మందు? ఇక్కడ పుస్తకం సాయం సగమే. పసిబిడ్డ సెప్సిస్‌కి (రక్తంలో చేరి ఒళ్ళంతా పాకే ఇన్‌ఫెక్షన్‌కి) ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ మొదట చెప్పేది ఆంపిసిలిన్, జెంటామైసిన్. మన దేశపు పెద్ద ఎన్‌ఐసీయూల్లో (పసిబిడ్డల ఐసీయూల్లో) కనిపించే క్రిములు వేరు. 2011 నుంచి 2014 దాకా ఢిల్లీలో మూడు పెద్ద ఆస్పత్రుల్లో 13,530 మంది పసిబిడ్డల మీద చేసిన అధ్యయనం 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. అందులో ఎక్కువగా కనిపించినవి ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈకోలై. క్లెబ్సియెల్లాలో సగానికి పైగా అనేక మందులకు లొంగనివి. సెప్సిస్ కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే మొదలయ్యాయి. కాన్పు గదిలోనూ, ఆ తర్వాతి కొద్ది గంటల్లోనూ బిడ్డను తాకిన చేతుల వైపే ఆ లెక్క చూపిస్తోందని నేను అనుకుంటాను.

ఈ బిడ్డ మెరోపెనెం మీద ఉండగానే దిగజారాడు. అది పనిచేయడం లేదని అనుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. దాన్ని డోసు పెంచి, నాలుగు గంటల పాటు ఎక్కేలా పెట్టి, కొలిస్టిన్ కలిపాను. కొలిస్టిన్ 1950ల నాటి మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేశారు. వేరే దారి లేక మళ్ళీ తీసుకున్నాం. రిపోర్ట్ రాకుండా దాన్ని మొదలుపెట్టాలంటే నాకు ప్రతిసారీ టెన్షనే. డోసు లెక్కలోనూ ప్రమాదం ఉంది. పది లక్షల యూనిట్లంటే కొలిస్టిమెథేట్ లెక్కలో దాదాపు 80 మిల్లీగ్రాములు, కొలిస్టిన్ బేస్ లెక్కలో 33 చిల్లర. రెండు లెక్కలు కలగలిపితే రెండు కిలోలు లేని బిడ్డకు రెట్టింపు మందు వెళ్ళిపోతుంది. అందుకే మా దగ్గర యూనిట్లలో మాత్రమే రాస్తాం, ఇద్దరు విడివిడిగా లెక్కకట్టి సరిచూసుకుంటారు.

రిపోర్ట్

పదకొండు గంటలకే కల్చర్ మెషీన్ అలారం కొట్టింది. అంత త్వరగా మోగిందంటే రక్తంలో క్రిములు కిక్కిరిసి ఉన్నాయన్నమాట. మూడో రోజుకు పూర్తి రిపోర్ట్ వచ్చింది: క్లెబ్సియెల్లా న్యుమోనియే. సెఫోటాక్సిమ్, పైపెరాసిలిన్ టాజోబాక్టమ్, అమికాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, మెరోపెనెం అన్నింటికీ ఎదురుగా "ఆర్", అంటే లొంగదని. కొలిస్టిన్ ఎంఐసీ, అంటే క్రిమి పెరగకుండా ఆపే కనీస మోతాదు, 0.5. దాని ఎదురుగా "ఐ" అని ఉంటుంది. జూనియర్లు అది చూసి కంగారు పడతారు. 2020 నుంచి అమెరికా ప్రమాణాల్లో కొలిస్టిన్‌కు "లొంగుతుంది" అనే గడే లేదు, ఎంత మంచి ఫలితమైనా మధ్యస్థం అనే రాస్తారు.

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ప్రమాదకర బాక్టీరియా జాబితాలో మెరోపెనెం జాతి మందులకు లొంగని క్లెబ్సియెల్లాదే మొదటి స్థానం. చెన్నై ల్యాబ్‌కి పంపిన జీన్ పరీక్షలో ఎన్‌డీఎం ఉందని ఐదో రోజు తెలిసింది. మెరోపెనెంను ముక్కలు చేసే ఎంజైమ్ అది. 2009లో తొలిసారి దాని గురించి రాసినప్పుడు కూడా అది దొరికింది క్లెబ్సియెల్లాలోనే. సెఫ్టాజిడిమ్ అవిబాక్టమ్ అనే ఖరీదైన మందు గురించి తండ్రికి ఎవరో చెప్పారు. గొలుసు తాకట్టు పెట్టి తెస్తానన్నాడు. ఎన్‌డీఎం ఉన్నప్పుడు ఆ మందు ఒక్కటే పనిచేయదు, ఆజ్‌ట్రియోనామ్ తోడు కావాలి. అప్పటికే బిడ్డ అడ్రినలిన్ నుంచి బయటపడ్డాడు. వెన్నునీటి పరీక్ష నాలుగో రోజు చేస్తే మామూలుగానే ఉంది. మెదడు పొరలకు పాకి ఉంటే కొలిస్టిన్‌ను నమ్ముకోలేను, అది అక్కడికి సరిగా చేరదు. పాకలేదు కాబట్టి ఉన్న మందులే కొనసాగించాను. గొలుసు మీ ఆవిడ మెడలోనే ఉండనివ్వు అని చెప్పాను.

మందులు లొంగకపోవడం అంటే ఏంటో ఆ తండ్రికి చెప్పబోతే అతనే అందుకున్నాడు. "రొయ్యల గుంటల్లో వాడీ వాడీ మందు పనిచేయకుండా పోయినట్టా మేడం? సరుకులో యాంటీబయోటిక్ ఉంటే కొనేవాళ్ళు వెనక్కి పంపిస్తారు. అందుకే మా గుంట ఆసామి ఇప్పుడు తేవటంలా." నేను పావుగంట చెప్పాలనుకున్నది అతను రెండు మాటల్లో చెప్పేశాడు. బిడ్డకు ఎక్కుతున్న కొలిస్టిన్‌ను కోళ్ళకు, చేపలకు, రొయ్యలకు వాడకుండా 2019 జూలైలో కేంద్రం నిషేధించిందని అతనికి చెప్పాను.

ఆరో రోజు మూత్రం తగ్గింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4కి వెళ్ళింది. కొలిస్టిన్ డోసు సర్దుకున్నాం. నాలుగు రోజుల్లో దిగింది. తల్లి రోజూ పాలు పిండి ఇచ్చేది. మొదట చెంప లోపల చుక్కలు, తర్వాత ట్యూబ్ ద్వారా, వెంటిలేటర్ తీశాక ఉగ్గుగిన్నెతో. పదో రోజు నుంచి ఆమె గుండెల మీద కంగారూ పద్ధతిలో పడుకోబెట్టాం. మొత్తం 14 రోజుల మందులు.

తొమ్మిదో రోజు

ఆ బిడ్డ వచ్చిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున, రెండు మంచాల అవతల ఉన్న ఆడబిడ్డకు ఊపిరి ఆగింది. 29 వారాలకు పుట్టింది, 1,120 గ్రాములు, వయసు 16 రోజులు. విడవలూరు వైపు సముద్రం ఒడ్డు పాళెం వాళ్ళు. ముందురోజు దాకా తల్లిపాలు బాగా అరుగుతున్నాయి, బరువు పెరుగుతోంది. కల్చర్ తీసి, మా యూనిట్ పద్ధతి ప్రకారం పైపెరాసిలిన్ టాజోబాక్టమ్, అమికాసిన్ మొదలుపెట్టాం. ఆ నిర్ణయం నాదే. రెండు మంచాల అవతల ఏ క్రిమి ఉందో తెలిసి, ఆ రిపోర్ట్ నా చేతుల్తో ఫైల్లో పెట్టి కూడా, ఆ తెల్లవారుజామున రెండింటినీ కలిపి ఆలోచించలేదు. పద్నాలుగు గంటల తర్వాత ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చాక కొలిస్టిన్ మొదలుపెట్టాం. అప్పటికి ఆలస్యమైపోయింది. ఊపిరి ఆగినప్పటి నుంచి 31 గంటలకు చనిపోయింది. తర్వాత వచ్చిన రిపోర్ట్‌ను మొదటి బిడ్డ రిపోర్ట్ పక్కన పెట్టి చూశాను. ప్రతి గడిలోనూ అదే అక్షరం.

ఆ సాయంత్రం కొత్త అడ్మిషన్లు ఆపేసి వెతకడం మొదలుపెట్టాం. మైక్రోబయాలజిస్ట్, నేను, సీనియర్ సిస్టర్. వార్మర్ అంచులు, స్టెతస్కోపులు, సక్షన్ బాటిళ్ళు, సింకు గొట్టం, లారింగోస్కోప్ బ్లేడు, సెల్ ఫోన్లు అన్నింటి నుంచి స్వాబ్‌లు తీశాం. మందులు కలిపే ట్రేలో 100 మిల్లీలీటర్ల సెలైన్ బాటిల్ ఒకటి ఉంది. తెల్ల ప్లాస్టర్ మీద నీలం పెన్నుతో ఆ రోజు తేదీ, "ఉదయం 8" అని రాసి ఉంది. మూత రబ్బరుకు ఒక సూది గుచ్చి అలాగే ఉంచారు. మాటిమాటికీ గుచ్చే పని లేకుండా, సిరంజి తగిలించి లాక్కోవడానికి. ప్రతి మందుకు ముందూ వెనకా రక్తనాళంలో ఉంచిన సన్న గొట్టం, క్యాన్యులాలోకి అర మిల్లీలీటర్ సెలైన్ తోయాలి. ఆ సెలైన్ వార్డులోని బిడ్డలందరికీ ఆ ఒక్క బాటిల్ నుంచే. ఆ సూది వెనక భాగం గాలికి తెరుచుకునే ఉంది.

ఆ బాటిల్ను నేను ఎన్నేళ్ళుగా చూస్తున్నానో చెప్పలేను. రోజూ రౌండ్స్‌లో దాని పక్కనే నిలబడి మాట్లాడతాను. ఒక్కసారి కూడా అది నా కంటికి ఆనలేదు.

బాటిల్లో సెలైన్, సూది వెనక భాగం, ట్రే అడుగు, మూడింట్లోనూ అదే క్లెబ్సియెల్లా పెరిగింది. సింకులో సూడోమోనాస్ అనే ఇంకో క్రిమి దొరికింది, అది వేరే సంగతి. ఎలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. క్లెబ్సియెల్లా పేగుల్లో ఉంటుంది. మొదటి బిడ్డ మలంలో కుప్పలుగా ఉంది. ఆ వారం రాత్రి డ్యూటీలో ఐదుగురు బిడ్డలకు ఒకే సిస్టర్. డైపర్ మార్చిన చెయ్యి, అలారం మోగితే ఆ బిడ్డ దగ్గరికి, అక్కణ్ణించి ట్రే దగ్గరికి. శానిటైజర్ రాసుకున్నా అది ఆరడానికి పట్టే ఇరవై సెకన్లు ఆమెకు ఎవరిచ్చారు? అందుకే ఆ సిస్టర్ పేరు అడిగిన మేనేజ్‌మెంట్‌కి నేను చెప్పలేదు. డ్యూటీ చార్ట్ పంపించాను.

మిగతా నలుగురు బిడ్డల మలద్వారం స్వాబ్‌లు తీస్తే ఇద్దరిలో ఆ క్రిమి ఉంది. రక్తంలో లేదు. వాళ్ళకు యాంటీబయోటిక్ ఇవ్వలేదు, అలా ఇస్తే పేగుల్లోని క్రిమి పోకపోగా ఇంకా బలపడుతుంది. విడిగా ఒక మూల, విడిగా ఒక సిస్టర్, తల్లిపాలు. అంతే.

ఆ రోజు నుంచి ఉమ్మడి బాటిల్ లేదు. ఒక బిడ్డకు, ఒకసారికి, ఒక పది మిల్లీలీటర్ల ఆంప్యూల్. మిగిలినది ఎంతైనా పారబోయాల్సిందే. స్టోర్స్ వాళ్ళు మొదట ఖర్చని సణిగారు. మైక్రోబయాలజిస్ట్ ఆ బాటిల్ కల్చర్ ప్లేటును పట్టుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టి చూపించింది. మళ్ళీ ఆ మాట రాలేదు. ప్రతి వార్మర్‌కీ దాని స్టెతస్కోపు, దాని థర్మామీటర్, దాని శానిటైజర్. రాత్రికి ఇంకో సిస్టర్‌ను వేయించుకోవడానికి మాత్రం రెండు నెలలు పోరాడాల్సి వచ్చింది. ఇంకోటి, కల్చర్‌లో 48 గంటలకు ఏమీ పెరగకుండా బిడ్డ బాగుంటే మందు ఆపాలి. ఆపకపోతే ఎందుకు ఆపలేదో కేస్‌షీట్‌లో సంతకం పెట్టి రాయాలి. ఆ నియమం నాకూ వర్తిస్తుంది.

నర్సింగ్ హోం డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "మేడం, మా టౌన్లో కల్చర్ చేసే ల్యాబే లేదు. బిడ్డ పోతే జనం నన్ను అడుగుతారు, అందుకే పెద్ద మందు వేస్తాను" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. 2023లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 11 దేశాల్లోని 19 ఆస్పత్రుల్లో 3,204 మంది పసిబిడ్డలకు ఇచ్చిన యాంటీబయోటిక్ జోడీలు రెండు వందల రకాలకు పైగా తేలాయి. అంటే పెద్ద ఆస్పత్రుల్లోనూ ఎవరి భయం వాళ్ళదే. మేం చేయగలిగింది ఒకటి కనిపించింది. కల్చర్ బాటిళ్ళు మేమే ఆయనకు పంపుతున్నాం. మొదటి డోసుకు ముందు ఒక మిల్లీలీటర్ తీసి, మామూలు గది వేడిలోనే ఉంచి, నెల్లూరు బస్సుకు ఇచ్చి పంపిస్తాడు. రిపోర్ట్ వాట్సాప్‌లో వెళ్తుంది. ఏమీ పెరగలేదని పంపిన రోజు ఆయన మందు ఆపుతున్నాడు.

మొదటి బిడ్డ 26 రోజులు మా దగ్గర ఉండి 2,210 గ్రాములతో ఇంటికి వెళ్ళాడు. ఆశా కార్యకర్తకు మేమే ఫోన్ చేసి చెప్పాం, బరువు తూచి, ఒళ్ళు తాకి చూసి, రొమ్ము పడుతున్నాడో లేదో కళ్ళారా చూడమని. మెదడు స్కాన్ బాగుంది. అమికాసిన్ పడిన బిడ్డ కాబట్టి చెవి పరీక్ష మూడో నెలలో చేయించాం, బాగానే ఉంది. ఇప్పుడు ఆరు నెలలు దాటాయి. బోర్లా పడుతున్నాడు. తొమ్మిదో నెలలో మళ్ళీ రమ్మన్నాను.

పాళెం తల్లిదండ్రులను ఇరవై రోజుల తర్వాత పిలిపించాను. వద్దని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మీ బిడ్డకు ఇన్‌ఫెక్షన్ మీ పాల వల్లో, మీ చేతుల వల్లో రాలేదు, మా వార్డులో, మేం వాడిన సెలైన్ ద్వారా వచ్చింది, సరైన మందు నేను ఆలస్యంగా మొదలుపెట్టాను అని చెప్పాను. తల్లి తల వంచుకుని, "నా పాలు పడలేదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ గదిలో ఉన్న మిగతా బిడ్డలు బాగుండారా మేడం?" అని అడిగాడు. నలుగురూ ఇళ్ళకు వెళ్ళారని చెప్పాను.